మోకాటి శస్త్రచికిత్స: యంత్రపు గురి, రోగి మేలు

కంప్యూటరు సహాయముతో చేయు మోకాటి శస్త్రచికిత్సలో పొరపాటునకు తావే లేదను మాట నేడు తరచుగా వినబడుచున్నది. ఇందులో నిజమెంతయో పరీక్షింతము.

మోకాటి కీలులో లోపలి సగము మాత్రమే అరిగినప్పుడు, కొందరికి ఆ సగమును మాత్రమే మార్చుదురు. తొడ ఎముక చివర లోహపు తొడుగు, క్రింది ఎముకపై లోహపు పళ్లెము, రెంటి నడుమ ప్లాస్టికు బిళ్ళ అమర్చుదురు. ఇవి కూర్చున్న కోణమును బట్టి శరీరపు బరువు కీలులో ఎటు పడునో నిర్ణయమగును. కాలి వంకరను అతిగా సరిదిద్దినచో బరువు ఆరోగ్యముగానున్న వెలుపలి సగముపై మొగ్గి, అదియు అరుగనారంభించును. అందుచేత సాధారణముగా కొద్దిపాటి వంకరను అట్లే ఉంచుదురు.

ఇంత సూక్ష్మమైన కోణమును కంటితో అంచనా కట్టుట కష్టము. కనుక ముందుగా తీసిన సి.టి. చిత్రముపై వైద్యుడు ఎముకను ఎంతవరకు చెక్కవలెనో హద్దు నిర్ణయించును. చెక్కునప్పుడు పనిముట్టు వైద్యుని చేతిలోనే యుండును. అది హద్దు దాటబోయినచో రోబో అడ్డగించును.

లండనులో 28 మోకాళ్ళపై జరిగిన ఇట్టి ప్రయోగపు ఫలితములు 2006లో వెలువడినవి. రోబో సహాయముతో చేసినవన్నియు అనుకొన్న కోణమునకు 2 డిగ్రీలలోపున కుదిరినవి. మామూలు పద్ధతిలో నూటికి 40 మాత్రమే అట్లు కుదిరినవి. గురి విషయమున యంత్రముదే గెలుపు.

కాని రోగి కోరునది కోణము కాదు, నొప్పిలేని నడక. గ్లాస్గోలో 139 మందిపై జరిగిన ప్రయోగములో తొలి వారములలో రోబో పక్షము వారికి నొప్పి తక్కువగా నుండెను. ఏడాది నాటికి రెండు పక్షములును సమానమేనని 2017లో తేలినది. అయిదేండ్ల ఫలితములు 2021లో వచ్చినవి. అప్పటికిని రోగులు చెప్పిన దానిలో భేదము లేదు. అయితే మామూలు పక్షమున 6గురికి మరల శస్త్రచికిత్స అవసరమైనది. రోబో పక్షమున ఒక్కరికిని కాలేదు.

ఇది తీసివేయదగిన విషయము కాదు. అయినను దీనిని పూర్తిగా రోబో ఖాతాలో వేయరాదు. ఏలయన రెండు పక్షములకు అమర్చిన భాగములు ఒకే రకమువి కావు. రోబో పక్షమున ప్లాస్టికు బిళ్ళ కదలకుండ బిగించినది. రెండవ పక్షమున కదలునది. విద్యార్థి ప్రయోగశాలలో ఒకేసారి రెండు అంశములను మార్చి, ఫలితమును ఒకదానికే అంటగట్టినచో మనము అంగీకరింతుమా?

మరియొక సంగతి. యంత్రము గీచిన హద్దును తప్పదు. ఆ హద్దు సరియైనదా కాదా అని అడుగదు. నిర్ణయము తప్పైనచో ఆ తప్పునే మిక్కిలి నిర్దుష్టముగా అమలుపరచును.

ఈ యంత్రములు హైదరాబాదు ఆసుపత్రులలోను ఉన్నవి. కావున రోగులు “రోబో ఉన్నదా?” అని అడుగుటతో ఆగరాదు. తన మోకాటికి సగము మార్పిడి తగునా, ఆ వైద్యునికి ఈ పనిలో అనుభవమెంత, ఆయన చికిత్స పొందినవారు కొన్నేండ్ల తరువాత ఎట్లున్నారు అనునవి అంతకంటె ముందు అడుగవలసిన ప్రశ్నలు.