ఏనుగును మింగిన కమాండు

యూనిక్స్ షెల్‌లో 'ఇఫ్' అని మొదలుపెట్టింది 'ఫి' అని ముగుస్తుంది. 'కేస్' అని తెరిస్తే 'ఎసాక్' అని మూయాలి. అదే పదాన్ని తిరగేసి గడియ వేయడమన్నమాట. స్టీఫెన్ బోర్న్ ఈ అలవాటును ఆల్గాల్ 68 భాష నుంచి తెచ్చుకున్నాడు. ఆ లెక్కన 'డూ'ని 'ఓడీ'తో మూయాలి కదా? కుదరలేదు. ఆ పేరుతో అప్పటికే ఒక కమాండు కాపురం ఉంది, ఆక్టల్ డంప్. అందుకే 'డన్' వచ్చింది. అంత చక్కటి ప్రాస ఒక్క చోట భంగమైంది.

ఇలాంటి వింతలన్నిటినీ ఒకే గంపలో వేసి 'భలే సరదా' అనేయడం మనకి అలవాటు. నాకైతే ఇవి రెండు జాతులుగా కనిపిస్తాయి.

మొదటిది అవసరంలోంచి పుట్టింది. తొలిరోజుల్లో యూనిక్స్ ముందు ఉన్నది టెలిటైప్ యంత్రం. మోడల్ 33 సెకనుకి 10 అక్షరాలే కొట్టేది. అందుకే ఎల్‌ఎస్, సీపీ, ఎంవీ. అందుకే 'ఈడీ' ఎడిటర్ మనం ఏ తప్పు చేసినా ఒక్క ప్రశ్నార్థకం పడేసి ఊరుకుంటుంది. 'క్రియేట్' అనే సిస్టమ్ కాల్‌కి స్పెల్లింగ్ చివర 'ఈ' ఉండదు. మళ్ళీ మొదలుపెడితే ఏం మారుస్తారని అడిగితే, ఆ 'ఈ' పెడతానన్నాడు కెన్ థాంప్సన్. ఇక్కడ ఎవరూ జోకు వేయలేదు. ఇరుకులో రాసింది మనకి శైలిలా వినిపిస్తోంది, అంతే. ఇంజనీరింగ్ లాబుల్లో మానిటర్ ముందు కూర్చుని ఇవి నేర్చుకున్న మనం, ఎప్పుడూ చూడని యంత్రం మీద బెంగ పెట్టుకున్నాం.

రెండో జాతి కావాలని వేసిన జోకులు. వీటిని తూచడానికి నా దగ్గర ఒకటే ప్రశ్న: ఇది ఏ పాఠకుడి కోసం రాసింది?

'ఎల్‌ఎస్' కొట్టబోయి 'ఎస్‌ఎల్' కొట్టారనుకోండి. అది వేసుకుని ఉంటే, తెర మీద ఒక ఆవిరి రైలు పొగ వదులుతూ వెళ్తుంది. కంట్రోల్-సీ కొట్టినా ఆగదు. అది వెళ్ళేదాకా గేటు దగ్గర నిలబడాల్సిందే. దీనికి ఇంగ్లీషు రానక్కర్లేదు, తొందరలో ఉన్న మనిషైతే చాలు.

'ఆప్టిట్యూడ్' ఇంకో మెట్టు పైన ఉంటుంది. దాన్ని 'మూ' అని పిలిస్తే, ఇందులో దాచిన తమాషాలేమీ లేవంటుంది. 'వీ' అనే ఆప్షన్ చేర్చితే, అంటే ఇంకాస్త వివరంగా చెప్పమంటే, నిజంగా లేవంటుంది. ఒక్కో 'వీ' పెంచుతూ పోతే విసుక్కుంటుంది, కసురుతుంది, బేరమాడుతుంది, చివరికి ఓడిపోయానని ఒక బొమ్మ గీస్తుంది. ఇంకొక్క 'వీ' పెడితే, పాము మింగుతున్న ఏనుగు కదా అని తేల్చేస్తుంది. 1943 నాటి 'లిటిల్ ప్రిన్స్'లో పెద్దవాళ్ళకి టోపీలా కనబడిన బొమ్మ అదే. ఇది నాకు చిన్న నాటిక. ఆ పుస్తకం చదవకపోయినా, మొండిపిల్లాడికి లొంగిపోయే పెద్దమనిషి గొంతు అందులో వినబడుతుంది.

'మ్యాన్' కథ వేరు. ఏ పేజీ కావాలో చెప్పకుండా అర్ధరాత్రి దాటాక సరిగ్గా 12:30కి దాన్ని పిలిస్తే 'గిమ్మీ గిమ్మీ గిమ్మీ' అనేది. అబ్బా బృందం 1979 పాట పేరు అది. అర్ధరాత్రి తర్వాత ఒక 'మ్యాన్' కావాలని బ్రాకెట్లో ఉంటుంది. పాట తెలిసినవాళ్ళకే నవ్వొచ్చే జోకు. 2011లో చేర్చారు. 2017లో ఒకాయన ఆటోమేటిక్ టెస్టులు ఆ వేళకి ఫెయిలవుతుంటే బయటపడింది. తర్వాత తీసేశారు.

తీసేయడం న్యాయమే. ఆ వేళ 'మ్యాన్'ని పిలిచింది ఇంకో ప్రోగ్రాం, దానికి ఊహించని ప్రతి మాటా తప్పే. నన్ను ఆపేది ఆ న్యాయమే. కమాండ్లని చదివేది మనుషులకంటే స్క్రిప్టులు ఎక్కువైనకొద్దీ, రాసేవాడు ఎదురుగా మనిషి ఉన్నాడని అనుకోవడమే దోషమవుతుంది. మన బెంగ పాత యంత్రాల మీద కాదేమో. అవతల కూర్చున్నది మనిషేనని నమ్మి రాసినవాళ్ళ మీద అనుకుంటాను.

'ఆప్టిట్యూడ్' ఆ నమ్మకాన్ని ఎవరి పనీ చెడకుండా దాచుకుంది. ఏ స్క్రిప్టూ ఆరు 'వీ'లు పెట్టి దాన్ని విసిగించదు. అంత ఓపిక మనిషికే ఉంటుంది.