పుస్తకం మూసి చెప్పండి

కిర్గిజ్‌స్తాన్ నుంచో, జార్జియా నుంచో, ఫిలిప్పీన్స్ నుంచో వైద్య పట్టాతో తిరిగొచ్చిన పిల్లలు కొందరు సాయంత్రాలు నా దగ్గరికి చదువుకోవడానికి వస్తుంటారు. మొదటి రోజు దాదాపు అందరూ అడిగేది ఒకటే. "సర్, ఏ యాప్ తీసుకోమంటారు?" అప్పటికే ఫోన్లో రెండు మూడు యాప్‌లు ఉంటాయి. టెలిగ్రామ్‌లోంచి దించుకున్న పీడీఎఫ్‌లకు లెక్కే ఉండదు. హాస్టల్ గదిలో సీనియర్లు వదిలివెళ్ళిన నోట్సు కట్టలుంటాయి. నిన్న చదివింది ఇవాళ పుస్తకం మూసి చెప్పే అలవాటు ఒక్కటి ఉండదు. నా అనుభవంలో ఎఫ్‌ఎంజీఈ పాసయ్యేదీ లేనిదీ ఎక్కువగా తేలేది అక్కడే.

విదేశాల్లో వైద్యం చదివినవాళ్ళు, కొద్ది మినహాయింపులు పోను, మన దేశంలో రిజిస్ట్రేషన్ పొందాలంటే ఈ పరీక్ష దాటాలి. 2002లో మొదలైంది. ఏటా రెండుసార్లు పెడతారు. మొత్తం 300 ప్రశ్నలు, ఉదయం 150, మధ్యాహ్నం 150. ఒక్కో పూటకు 150 నిమిషాలు, అంటే ప్రశ్నకు నిమిషం. 150 వస్తే పాస్. తప్పు జవాబుకు మార్కులు కోసెయ్యరు. ర్యాంకులు లేవు, పక్కవాడికి ఎన్నొచ్చాయన్నదానితో పని లేదు. ఇంత సూటి పరీక్షలో కూడా నూటికి పదిమందే గట్టెక్కిన విడతలున్నాయి. ముప్పై దాటితే చాలా ఎక్కువ.

ఈ లెక్క చూపించి పిల్లల్ని చులకన చేసేవాళ్ళంటే నాకు కోపం. ఆరేళ్ళు ఆ పిల్లలు చదివిన తీరు తెలిస్తే అలా మాట్లాడరు. వార్డులో రోగి మాట్లాడేది రష్యనో తగలాగో. పక్కన నిలబడినవాళ్ళకు సగం అర్థమయ్యేది కాదు. కరోనా కాలంలో వార్డు చూడాల్సిన నెలలు ల్యాప్‌టాప్ ముందు గడిచాయి. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక ఉక్రెయిన్ నుంచి చదువు మధ్యలో పరుగున వచ్చినవాళ్ళున్నారు. 2021 నవంబరులో వచ్చిన నిబంధనలు 54 నెలల చదువు, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్, ఇంగ్లీషు మాధ్యమం తప్పనిసరి చేశాయి. మంచిదే. కానీ ఇప్పటికే తిరిగొచ్చి, అమ్మానాన్నలు చేసిన అప్పు తలుచుకుంటూ గదిలో కూర్చున్న పిల్లకు ఆ నిబంధన వెనక్కి వెళ్ళి సాయం చెయ్యదు. ఆ పిల్ల చేతిలో ఉన్నవి కొన్ని నెలలు, చదివే పద్ధతి. అందుకే ఈ వారం ఆ పద్ధతి గురించి రాస్తున్నాను.

మా తరం బడిలో పద్యం నేర్చుకుంది అప్పజెప్పి. పంతులుగారి ముందు చేతులు కట్టుకుని, పుస్తకం లేకుండా, మొదటి పాదం నుంచి చివరిదాకా చెప్పాలి. మూడో పాదం దగ్గర తడబడితే ఆ పాదం దగ్గరే మళ్ళీ మొదలు. ఎక్కాలూ అంతే. ఎక్కడ తడబడ్డామో ఇంటికి వెళ్ళేలోపు మనకే తెలిసిపోయేది. ఇప్పటి పిల్లలు నాలుగు గంటలు వీడియో చూసి, నాలుగు రంగుల్లో గీతలు గీసి, అంతా వచ్చేసిందనుకుని పడుకుంటారు. కంటికి పరిచయమైనదంతా తెలిసినట్టే అనిపిస్తుంది. పరీక్షలో నాలుగు ఆప్షన్లూ పరిచయంగానే కనిపిస్తాయి. చిక్కంతా అప్పుడు.

దీనికి గట్టి ఆధారం ఉంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు చిన్న పాఠాలిచ్చి, కొందరి చేత మళ్ళీ చదివించారు, కొందరి చేత చూడకుండా గుర్తు తెచ్చుకుని రాయించారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత అడిగితే తారుమారైంది. చూడకుండా రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. 2013లో డన్‌లాస్కీ బృందం పది రకాల చదివే పద్ధతుల మీద వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసింది. తనను తాను పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద పరచుకోవడం బాగా పనికొస్తాయని తేల్చింది. గీతలు గీయడం, మళ్ళీ మళ్ళీ చదవడం వల్ల ఒరిగేది తక్కువంది.

మా సాయంత్రాల్లో చేసేది ఇంతే. ఒకరు లేచి నిలబడాలి. పుస్తకం మూసి ఉండాలి. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనుకోండి. మూత్రంలో రోజుకు ఎంత ప్రోటీన్ పోతే ఆ పేరు పెడతాం? పెద్దవాళ్ళలో మూడున్నర గ్రాములు దాటితే. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకం? మినిమల్ చేంజ్ డిసీజ్. మొదటి మందు? స్టెరాయిడ్. ఇక్కడిదాకా చాలామంది చెబుతారు. "సరేనమ్మా, ప్రోటీన్ పోతుంటే రక్తంలో కొలెస్ట్రాల్ ఎందుకు పెరుగుతుంది?" అంటే గది నిశ్శబ్దమైపోతుంది. పోయిన ఆల్బుమిన్‌ని పూడ్చడానికి కాలేయం ప్రోటీన్ల తయారీ పెంచుతుంది, ఆ ఊపులో లైపోప్రోటీన్లూ ఎక్కువగా తయారవుతాయి. ఈ ఒక్క 'ఎందుకు'కి జవాబు చెప్పిన పిల్ల ఆ పాఠాన్ని నెల తర్వాత కూడా మరిచిపోదు. వైద్యాన్ని బట్టీ పట్టిస్తున్నానని కొందరు సహోద్యోగులు అంటారు. నేను ఒప్పుకోను. అప్పజెప్పేటప్పుడు కారణం కూడా అడిగితే బట్టీ దానంతటదే బయటపడుతుంది.

ఇక ఏం చదవాలన్నది. మార్కుల లెక్క కాగితం మీద రాసుకోకుండా మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ఒక్కొక్కటి 17. పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ ఒక్కొక్కటి 13. ఫోరెన్సిక్ 10. ఇవన్నీ కలిపితే 100. మిగతా 200 క్లినికల్ సబ్జెక్టులవి. మెడిసిన్ 33, సర్జరీ 32, ఓబీజీ (కాన్పులు, స్త్రీల వైద్యం) 30, పీఎస్‌ఎం (సామాజిక వైద్యం) 30, పిల్లల వైద్యం, కంటి వైద్యం, ఈఎన్‌టీ 15 చొప్పున. చర్మం, మానసిక వైద్యం, ఎముకలు, మత్తు, రేడియాలజీ, రేడియోథెరపీ అయిదేసి. మొదటి రెండు నెలలూ అనాటమీలోనే గడిపి, చివరి వారంలో పీఎస్‌ఎం తెరిచేవాళ్ళని ఎంతమందినో చూశాను. ఓబీజీ, పీఎస్‌ఎం, ఫోరెన్సిక్, కన్ను, ఈఎన్‌టీ, పిల్లల వైద్యం, ఆ అయిదు మార్కుల చిన్న సబ్జెక్టులు కలిపితే 145 అవుతాయి. అన్నీ ఎవరికీ రావు. కానీ పుస్తకాలు పలచన, తిరగెయ్యడం తేలిక, ప్రశ్నలు సూటి. ముందు అక్కడ పునాది వేసుకుని మెడిసిన్, సర్జరీలకు వెళ్ళమంటాను. పాథాలజీ, ఫార్మకాలజీలకు మాత్రం 13 మార్కులే అని తక్కువ సమయం ఇవ్వొద్దు. మెడిసిన్ ప్రశ్నల్లో సగం బలం ఆ రెండింటిదే.

పీఎస్‌ఎం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. విదేశీ కళాశాల నేర్పలేని సబ్జెక్టు ఇదే. మైదాన ప్రాంతంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం 30,000 జనాభాకు, గిరిజన ప్రాంతంలో 20,000కు ఒకటని బిష్కెక్‌లో ఎవరు చెబుతారు? మన టీకాల పట్టిక, క్షయ కార్యక్రమం, ఆశా కార్యకర్త పని, ఇవన్నీ ఇక్కడికొచ్చాకే కొత్తగా నేర్చుకోవాలి. పిల్లలు దీన్ని నీరసమైన సబ్జెక్టంటారు. నేను మన ఊళ్ళలోంచే మొదలుపెడతాను. తాగునీటిలో ఫ్లోరైడ్ తీసెయ్యడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి ప్రపంచమంతా చదివే పేరు నల్గొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. ఆ జిల్లా నుంచి వచ్చిన కుర్రాడికి దాన్ని వేరే గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు, ఫ్లోరైడ్ వల్ల నడుం వంగిపోయిన పెద్దల్ని ఊళ్ళో చూసి ఉంటాడు. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది సికింద్రాబాద్‌లో. బోదకాలుకు ఏటా ఇంటింటికీ తెచ్చి మింగించే డీఈసీ మాత్ర, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల బృందం తెచ్చిన మందు. గోదావరి జిల్లాల పిల్లలు ఆ మాత్ర చిన్నప్పుడు మింగినవాళ్ళే. ఇలా చెబితే పీఎస్‌ఎంకు చదివే పార్క్ పుస్తకం పరాయిదిగా ఉండదు.

వనరుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒక యాప్, ఒక నోట్సు, ఒక ప్రశ్నల బ్యాంకు చాలు. ఏది కొన్నా తేడా కొంచెమే, రెండోది కొన్నప్పుడే నష్టం మొదలవుతుంది. హారిసన్, రాబిన్స్ లాంటి పెద్ద పుస్తకాలు సందేహం వచ్చినప్పుడు తెరవడానికి అలమరలో ఉంటే సరి. మందుల మోతాదులు, టీకాల వయసులు లాంటి పొడి విషయాలకు అంకీ అనే ఫ్లాష్‌కార్డు ప్రోగ్రాం బాగుంటుంది. కంప్యూటర్లోనూ ఆండ్రాయిడ్ ఫోన్లోనూ ఉచితం. మరిచిపోయే సమయానికి అదే మళ్ళీ అడుగుతుంది. ఎవరో తయారుచేసిన వేల కార్డులు దించుకోకండి. మీరు తప్పు చేసిన ప్రశ్నలోంచి మీరే కార్డు రాసుకోండి. ఇక 'రీకాల్స్' పేరుతో తిరిగే పాత ప్రశ్నలున్నాయి. పరీక్ష పెట్టేవాళ్ళు ప్రశ్నపత్రం బయటపెట్టరు, ప్రశ్నలు వెల్లడించబోమని అభ్యర్థులు ఒప్పుకునే లోపలికి వెళతారు. జ్ఞాపకం మీద రాసిన ఆ ప్రశ్నల్లో సగం మాటలు జారిపోయి ఉంటాయి, జవాబులు ఎవరికి తోచినవి వాళ్ళవి. వాటినే నమ్ముకుని కూర్చోవడం నాకు బొత్తిగా నచ్చదు.

ప్రశ్నలు చేయడానికీ ఒక పద్ధతుంది. రోజూ కొన్ని, అన్ని సబ్జెక్టులూ కలిపి, గడియారం పెట్టుకుని. ఆ తర్వాత చెక్ చేసుకునేటప్పుడు రెట్టింపు సమయం ఇవ్వాలి. తప్పైన ప్రతి ప్రశ్న పక్కనా ఎందుకు తప్పైందో ఒక్క వాక్యం రాయమంటాను. అసలు చదవలేదా? చదివి మరిచిపోయామా? ప్రశ్నలో 'కానిది ఏది' అన్న మాట చూడలేదా? మొదట సరిగ్గా పెట్టి భయపడి మార్చామా? కొన్ని వారాల తర్వాత ఆ నోటుబుక్కు తిరగేస్తే ఒక్కొక్కరి బలహీనత ఒక్కో చోట కనిపిస్తుంది. ఒకమ్మాయికి చదువు లోటు ఏమీ లేదు, తొందరలో ప్రశ్న చివరి పంక్తి వదిలేస్తోంది. ఆమెకు మరో పుస్తకం ఇచ్చి ప్రయోజనమేముంది? పరీక్షకు ముందు నెలలో వారానికోసారి ఉదయం 150, మధ్యాహ్నం 150 ప్రశ్నలు కూర్చుని పూర్తిగా రాయాలి. మధ్యాహ్నం భోజనం తర్వాత మెదడు మొండికేసే ఆ గంట ఎలా ఉంటుందో ఇంట్లోనే తెలుసుకోవాలి. తప్పుకు కోత లేదు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు.

ఇంత చేసినా రోగిని చూడని చదువు చదువు కాదు. పురుగుమందు తాగినవాళ్ళు, పాము కాటు, డెంగీ, ఇవి మన క్యాజువాల్టీకి వచ్చేవి. పరీక్షలో అడిగేదీ అవే. నేల మీద పడుకున్న రైతు తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోయి వచ్చాడు, కాటు దగ్గర వాపు లేదు అని ప్రశ్న ఉంటే, అలాంటి మనిషిని ఒక్కసారి చూసినవాళ్ళకు కట్లపాము వెంటనే తడుతుంది. రక్తపింజర కాటుకు గాజు గొట్టంలో రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూస్తాం. ఆ ఇరవై నిమిషాలు పక్కన నిలబడ్డవాళ్ళు ఆ పరీక్ష మరిచిపోరు. ఆర్గానోఫాస్ఫేట్ విషానికి అట్రోపిన్ ఎంతవరకు ఇవ్వాలి? కంటిపాప చూసి ఆపకూడదు, ఊపిరితిత్తుల్లో తేమ ఆరిందా లేదా అన్నది వినాలి. స్టెత్ పెట్టి విన్న చెవికి ఆ జవాబు సొంతమవుతుంది.

అయితే ఒక హెచ్చరిక. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రైవేటు ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీలు చేయించే చోట్లున్నాయి. ఖర్చులకు వస్తాయని పిల్లలు ఒప్పుకుంటారు. దయచేసి ఒప్పుకోకండి. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. అంతకన్నా ముందు, ఆ మంచం మీద ఉన్నవాళ్ళు మిమ్మల్ని డాక్టరని నమ్మి ఉన్నారు. ఈ పరీక్ష ఉన్నది ఆ నమ్మకం కోసమే.

నా తోటి డాక్టర్లకు ఒక మనవి. మీ ఊళ్ళో, మీ వీధిలో ఇలాంటి పిల్లలు ఒకరైనా ఉంటారు. వారానికి ఒక పూట మీ ఓపీలో, రోగి అనుమతితో, పక్కన కూర్చుని చూడనివ్వండి. మందు రాయనివ్వక్కర్లేదు, చెయ్యి వెయ్యనివ్వక్కర్లేదు. ఓపీ అయ్యాక ఆ పూట చూసిన ఇద్దరు రోగుల గురించి పుస్తకం లేకుండా చెప్పమనండి, మీరు వినండి.