పావు మిల్లీమీటరులో పది మీటర్లు

లైకా ఎం3 కెమెరాను కంటికి ఆనించి ఎదుటి మనిషిని చూస్తే, బొమ్మ మధ్యలో ఓ చిన్న దీర్ఘచతురస్రం మెరుస్తుంటుంది. దాని బయట అంతా మామూలే. లోపల మాత్రం ఆ మనిషికి రెండు ముక్కులు, నాలుగు కళ్లు. లెన్స్ రింగును వేలితో మెల్లగా తిప్పుతుంటే రెండో మొహం పక్కకు జరిగి జరిగి మొదటి మొహంలో కలిసిపోతుంది. కలిసిన చోట ఆపితే ఫోకస్ కుదిరినట్టే. బ్యాటరీ లేదు, మోటారు లేదు. 1954లో కొలోన్ నగరంలోని ఫోటోకీనా ప్రదర్శనలో బయటికొచ్చిన ఈ కెమెరాకు, ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడో ఎలా తెలుస్తోంది?

చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి, ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూసి చూడండి. వెనకనున్న గోడ మీద వేలు అటూ ఇటూ గెంతుతుంది. దగ్గరికి తెచ్చుకుంటే పెద్ద గెంతు, దూరం జరిపితే చిన్న గెంతు. రెండు కళ్ల మధ్య ఎడం తెలిస్తే చాలు, గెంతును బట్టి దూరం లెక్క కట్టొచ్చు. ఏటికి ఇవతలి ఒడ్డునే ఉండి దాని వెడల్పు తేల్చే సర్వేయరు చేసేదీ ఇదే. ఎం3కి ఆ రెండు కళ్లు ముందువైపున్న రెండు గాజు కిటికీలు. వాటి మధ్య ఎడం 68.5 మిల్లీమీటర్లు. మన కళ్ల మధ్య ఎడం కన్నా ఏదో కాస్త ఎక్కువ, అంతే.

పది మీటర్ల అవతల మనిషి నిలబడి ఉంటే, రెండు కిటికీల చూపుల మధ్య ఏర్పడే కోణం 0.39 డిగ్రీ. అతను ఇంకో మీటరు వెనక్కి వెళితే ఆ కోణంలో వచ్చే తేడా డిగ్రీలో సుమారు ఇరవై ఎనిమిదో వంతు. అంత సన్నటి తేడాను మామూలు కంటికి చూపించాలంటే వ్యూఫైండర్‌లో బొమ్మ చిన్నబోకూడదు. అందుకే ఎం3ని రూపొందించిన విల్లీ స్టైన్ బృందం దాన్ని దాదాపు అసలు సైజులోనే, 0.91 వంతులో ఉంచింది. ఆ తర్వాతి ఎం2లో 35 మిల్లీమీటర్ల లెన్స్‌కు సరిపడా ఎక్కువ దృశ్యం పట్టించడానికి దీన్ని 0.72కి తగ్గించారు. సౌకర్యం పెరిగింది కానీ, కొలతలో ఆ పదును పోయింది. నేనైతే ఇప్పటికీ ఎం3 పక్షమే.

వ్యూఫైండర్‌నూ దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌నూ ఒకే కిటికీలో కలపడంలో లైకా మొదటిదేమీ కాదు. జైస్ ఐకాన్ వాళ్ల కాంటాక్స్ 2 ఆ పని 1936లోనే చేసింది. పైగా దాని రెండు కళ్ల మధ్య ఎడం ఇంకా ఎక్కువ, లెక్క ప్రకారం అది మెరుగే. కాకపోతే ఆ రెండో కిటికీ సరిగ్గా కుడిచేతి వేళ్లు వచ్చే చోట ఉంది. వేలు అడ్డం పడితే కెమెరాకు ఒంటికన్నే.

కోణం చూడటం ఒక ఎత్తు, దాన్ని లెన్స్‌తో ముడిపెట్టడం ఇంకో ఎత్తు. నన్నడిగితే అసలు పనితనం ఈ రెండోదానిలో ఉంది. పదో తరగతిలో బట్టీ పట్టిన కటక సూత్రం ఇక్కడ పనికొస్తుంది. 50 మిల్లీమీటర్ల లెన్స్‌కు చాలా దూరానున్న వస్తువు బొమ్మ సరిగ్గా 50 మిల్లీమీటర్ల వెనక పడుతుంది. వస్తువు దగ్గరయ్యే కొద్దీ బొమ్మ ఇంకా వెనక్కి పోతుంది. ఫిల్మ్ కదలదు కనుక లెన్సే ముందుకు జరగాలి. మీటరు దూరానికి 2.6 మిల్లీమీటర్లు, ఐదు మీటర్లకు అర, పది మీటర్లకు పావు. అంటే పది మీటర్ల నుంచి చందమామ దాకా ఉన్న దూరమంతా ఆ చివరి పావు మిల్లీమీటరులో సర్దుకోవాలి. రెండున్నర కాగితాల మందం! లెన్స్ ఎంత ముందుకు జరిగిందో చెప్పగలిగితే వస్తువు ఎంత దూరంలో ఉందో చెప్పినట్టే.

లెన్స్ ఊడదీసి కెమెరా నోట్లోకి తొంగి చూస్తే, పైభాగాన బఠానీ గింజంత చక్రం ఒకటి కనిపిస్తుంది. లెన్స్ బిగించగానే దాని వెనక అంచు ఈ చక్రాన్ని ఒత్తుతుంది. లెన్స్ ముందుకు జరిగితే చక్రం స్ప్రింగు బలంతో వెంటే వస్తుంది, దాని చెయ్యి లోపలి కాంతి దారిని రవ్వంత మళ్లిస్తుంది. మనం చూసిన ఆ రెండో మొహం జరిగేది అందుకే. చక్రం నడిమధ్యనున్న మర ఇరుసు కాస్త పక్కకు పెట్టి ఉంటుంది. దాన్ని తిప్పితే చక్రం ఇంచుక ముందుకో వెనక్కో వచ్చి, దూరపు టవరు ఒక్కటిగా కనిపించేలా సరిచేసుకోవచ్చు. కెమెరా కింద పడితే మొదట గతి తప్పేది ఇక్కడే.

మరి లెన్స్ మారితే? పది మీటర్ల వస్తువు కోసం 50 లెన్స్ పావు మిల్లీమీటరు జరిగితే, 90 లెన్స్ 0.82, 135 లెన్స్ 1.85 మిల్లీమీటర్లు జరగాలి. కెమెరాలోని చక్రానికి తెలిసింది 50 లెన్స్ భాష ఒక్కటే. అందుకని అనువాదం చేసే పని లెన్స్‌కే అప్పగించారు. 90 లెన్స్ గొట్టంలో గాజును మోసే మర ఒక వాలులో, చక్రాన్ని ఒత్తే రింగు ఇంకో వాలులో ఉంటాయి. వేలు తిప్పేది ఒకే రింగును. గాజు 0.82 నడిచే లోపు, వెనకనున్న రింగు పావు మాత్రమే నడుస్తుంది. 35 లెన్స్‌లో ఇది తిరగబడుతుంది. గాజు 0.12 కదిలితే రింగు పావు కదలాలి. ఎన్ని లెన్సులు మార్చినా కెమెరా లోపల దేన్నీ ముట్టుకోనక్కర్లేదు.

ఇంకో ముచ్చట. ఎం3కి ముందున్న లైకాలకు లెన్స్‌ను మరలాగా తిప్పి బిగించేవారు. ఎం3తో బయోనెట్ మౌంటు వచ్చింది. పాత లెన్సులు కొన్నవాళ్ల గతేంటి? పాత కెమెరాల్లో మౌంటు నుంచి ఫిల్మ్‌కు 28.8 మిల్లీమీటర్లు. కొత్తదాన్ని 27.8కి కుదించారు. మిగిలిన ఆ ఒక్క మిల్లీమీటరులో సరిగ్గా మిల్లీమీటరు మందమున్న రింగు వేస్తే పాత లెన్స్ తన పాత చోట కూర్చుంటుంది, చక్రాన్నీ అలాగే ఒత్తుతుంది. పాత ఖాతాదారుణ్ణి గాలికి వదలకుండా కొత్త సరుకు తేవడమంటే ఇదీ.

లోపం లేదా అంటే ఉంది. రెండు బొమ్మలూ అడ్డంగానే జరుగుతాయి కనుక కలిశాయో లేదో తేల్చడానికి నిలువు గీత కావాలి. కిటికీ ఊచ, తలుపు అంచు, కరెంటు స్తంభం దొరికితే సుఖం. మెట్ల వరస మీద మొదటిసారి ఫోకస్ చేయబోయి నేను బోల్తా పడ్డాను. రింగు ఎంత తిప్పినా మెట్ల అంచులు అడ్డగీతలే కనుక కలిసినట్టే కనిపించాయి. ఫిల్మ్ కడిగాక చూస్తే అంతా అలుక్కుపోయింది. కెమెరాను నిలువుగా తిప్పి పట్టి ఫోకస్ చేసి, మళ్లీ అడ్డంగా పెట్టుకుంటే సరిపోయేది.

సినిమా షూటింగుల్లో ఫోకస్ పుల్లర్ టేపు పట్టి కొలిచేదీ కెమెరాకూ ఎదుటి మనిషికీ మధ్య ఉన్న ఈ దూరాన్నే. అతని టేపు మొదలయ్యేది లెన్స్ మూతి దగ్గర కాదు, కెమెరా పక్కన సున్నా మీద అడ్డగీత గీసిన గుర్తు దగ్గర, అంటే ఫిల్మ్ ఉండే చోట. లెన్స్ మీది దూరపు అంకెలు కూడా అక్కడి నుంచే లెక్క.

ఆ కాలపు లైకా 50 లెన్స్ మీద అనంతం గుర్తు దగ్గర సన్నగా చెక్కిన ఇంకో అంకె ఉంటుంది, 51.9 లాంటిది. అద్దాన్ని అరగదీసి మెరుగుపెట్టాక ఏ రెండు లెన్సులూ అచ్చం ఒక్కలా రావు. పేరుకు అన్నీ 50. చేతిలో ఉన్నది నిజానికి ఎంతో వెట్స్‌లార్‌లోని లైకా ఫ్యాక్టరీలో కొలిచి, దాని ఒంటి మీదే రాసి పంపారు.