కొలోన్ కథీడ్రల్ రాతిపనివారు

జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న కొలోన్ నగరానికి వెళ్లే యాత్రికులు కథీడ్రల్‌ను, అంటే ఆర్చిబిషప్ పీఠం ఉన్న ప్రధాన చర్చిని, దాని 157 మీటర్ల జంట శిఖరాలను తలెత్తి చూసి మురిసిపోతారు గాని, వాటిని కాపాడుతున్న రాతిపనివారిని తలచుకునేవారు తక్కువ. 1248లో పునాది పడి, 16వ శతాబ్దంలో పనులు ఆగిపోయి, 1842లో మళ్లీ మొదలై, 1880లో పూర్తయిన ఈ కట్టడానికి డోంబౌహుట్టె, అనగా చర్చిని అంటిపెట్టుకొని ఉండే శాశ్వత కర్మశాల, నేటికీ మరమ్మతులు చేస్తూనే ఉంది.

మధ్యయుగ భాగాలకు ముఖ్యంగా వాడినది డ్రాకెన్‌ఫెల్స్ కొండ నుంచి తెచ్చిన ట్రాకైట్ అనే అగ్నిపర్వత శిల. 19వ శతాబ్దంలో చేర్చిన ఇసుకరాయిలో కొంత భాగం మాత్రం పొగకూ వానకూ తట్టుకోలేక రాలిపోతోంది. అటువంటి చోట పనివారు శిథిలమైన రాతి ఆకునో పువ్వునో కొలిచి, నమూనా గీసి, కొత్త రాయిని ఉలితో చెక్కి, కింద నుంచి ఎవరి కంటికీ ఆనని ఎత్తులో సైతం అంచు చెదరకుండా అమరుస్తారు. చూసేవారు లేరని పని పలచబడకపోవడమే ఈ వృత్తి ఘనత.

ఐరోపా కథీడ్రల్ కర్మశాలల విద్యా పరిరక్షణను యునెస్కో 2020లో ఆదర్శప్రాయమైనదిగా గుర్తించింది. ఇక ఈ పనివారు కాపాడే జంట శిఖరాల కొనన ఉన్న రాతిపువ్వు పరిమాణం తెలియాలంటే మెట్లెక్కనక్కరలేదు. అంతే కొలతతో, సుమారు 9.5 మీటర్ల ఎత్తున చేసిన ప్రతిరూపం చర్చి ఎదుట నేల మీదనే ఉంది.