నవంబరు ఎవరిది?

అమెరికాలోని విస్కాన్సిన్‌లో జింకల వేటగాళ్ల మధ్య తగువు పెట్టాలంటే ‘క్రాస్‌బో’ అన్న ఒక్క మాట చాలు. తుపాకీలా పట్టుకుని ట్రిగ్గర్ నొక్కి బాణం వదిలే అడ్డవిల్లు అది. నేను వేటాడను. సెలవు రోజుల్లో క్లబ్బుకు పోయి, రికర్వ్ విల్లుతో లక్ష్యపు పలకల మీద బాణాలు వేసుకునే మనిషిని. అయితే అక్కడ నా పక్కన నిలబడేవాళ్లలో చాలామంది వేటగాళ్లే. ఆకులు రంగు మారాయంటే ఈ వాదన చెవిన పడక తప్పదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర వేట నేరం కనుక మీకిది వింతగా తోచవచ్చు. ఇక్కడ వేటకు లైసెన్సూ, లెక్కా, గడువూ ఉంటాయి. ప్రధానమైన తుపాకీ సీజను తొమ్మిది రోజులే, నవంబరులో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు శనివారం మొదలవుతుంది. బాణాల సీజను మాత్రం సెప్టెంబరు మధ్య నుంచి జనవరి దాకా సాగుతుంది. ఇంత ఉదారంగా ఇవ్వడానికి కారణం, బాణంతో జింకను కొట్టడం కష్టం కావడమే. 1934లో ఈ రాష్ట్రం విల్లుకు విడిగా సీజను పెట్టినప్పుడు రెండు కౌంటీలతోనే సరిపెట్టింది. ఆ రోజుల్లో మాడిసన్‌లో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్డో లియోపోల్డ్ తన విల్లు తానే చెక్కుకునేవాడు. ఆయన భార్య ఎస్టెల్లా మహిళల విలువిద్యలో రాష్ట్ర చాంపియన్. ఆ ఇంట్లో అసలు గురి ఆవిడదేనని నా అనుమానం.

బాణంతో కొట్టడంలో ఆ కష్టం ఎక్కడుందో చెప్పాలి. కండబలం దగ్గరుందని చూసేవాళ్లు అనుకుంటారు. అది కొంతే. చెట్టుకు కట్టుకున్న మంచె మీద గంటల తరబడి కూర్చున్నాక జింక ఇరవై గజాల్లోకి వస్తుంది. దాని కళ్లెదుటే నారి లాగాలి. జింకకు రంగులు సరిగా తెలియవు, కదలిక మాత్రం ఇట్టే పసిగడుతుంది. దాని తల చెట్టుమాటుకు వెళ్లేదాకా ఆగాలి. తీరా లాగాక అది రెండడుగులు వేసి నిలబడిపోయిందనుకోండి, విల్లు దించలేరు, బాణం వదల్లేరు. నా రికర్వ్‌ను పూర్తిగా లాగి పట్టుకుంటే కాసేపటికే భుజం నా మాట వినడం మానేస్తుంది. కాంపౌండ్ విల్లులో కొసలకున్న కప్పీలు భారం మోస్తాయి. అరవై పౌండ్ల విల్లయినా, పూర్తిగా లాగాక చేతి మీద పది పదిహేను పౌండ్లే మిగులుతుంది. క్రాస్‌బోలో ఆ మాత్రం కూడా ఉండదు. నారిని ముందే లాగి కొక్కేనికి తగిలిస్తారు, జింక వచ్చాక స్కోప్‌లోంచి చూసి ట్రిగ్గర్ నొక్కుతారు. జింక ఎదుట చేయవలసిన ఆ పెద్ద కదలికే ఉండదు.

అది తుపాకీయే అని కోపంగా అంటారు కొందరు. కాదు. దాని బాణమూ మిగతా బాణాల్లాగే దూరం పోయేకొద్దీ కిందికి జారుతుంది. మళ్లీ ఎక్కుపెట్టేలోగా జింక పక్కవాళ్ల పొలంలో ఉంటుంది. బరువూ చప్పుడూ సరేసరి. అసలీ నిందలో క్రాస్‌బో ఒంటరిది కాదు. 1139లో రెండో లాటరన్ మహాసభ క్రైస్తవుల మీద క్రాస్‌బో వాడరాదని శాసించిందని ఉత్సాహంగా చెబుతుంటారు. అదే వాక్యంలో మామూలు విలుకాళ్లనూ కలిపే నిషేధించారన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

మిసోరీకి చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్‌కు 1969లో కాంపౌండ్ విల్లుకు పేటెంట్ వచ్చింది. అది కప్పీల యంత్రమే తప్ప విల్లు కాదని పాతకాపులు అప్పుడూ గొణిగారు. ఈరోజు క్రాస్‌బోను గట్టిగా తిట్టేవాళ్ల చేతుల్లో ఉన్నది ఆ కాంపౌండే. విల్లు వేటల రికార్డులు నమోదు చేసే పోప్ అండ్ యంగ్ క్లబ్ కాంపౌండ్‌ను ఒప్పుకుంటుంది, క్రాస్‌బోను ఒప్పుకోదు. కాంపౌండ్‌కు మాత్రం అన్ని గడపలూ తెరుచుకున్నాయా అంటే అదీ లేదు. మన విజయవాడ వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచినా, ఒలింపిక్స్‌లో ఆమె విల్లుకు చోటు లేకపోయింది. 2028లో లాస్ ఏంజెలెస్‌లో మిక్స్‌డ్ టీమ్ పోటీతో తొలిసారి చోటు దొరుకుతోంది. కాబట్టి ఏది అసలైన విల్లన్న వాదనను నేను పట్టించుకోను.

అసలు పేచీ నవంబరు దగ్గరుంది. ఆ నెల మొదట్లో జింకలు జతకడతాయి. ఏడాదంతా పొదల్లో దాక్కునే కొమ్ముల మగజింక ఆ రోజుల్లో పట్టపగలు ఒళ్లు తెలియకుండా తిరుగుతుంది. తుపాకీ సీజను ఇంకా మొదలు కాదు, అడవి విలుకాళ్లది. 2014కు ముందు ఇక్కడ క్రాస్‌బో 65 ఏళ్లు నిండినవాళ్లకూ, వికలాంగులకూ మాత్రమే ఉండేది. ఆ ఏడాది విడి లైసెన్సుతో అందరికీ ఇచ్చారు. కొన్నేళ్లకే క్రాస్‌బోతో పడే జింకలు విల్లుతో పడేవాటిని దాటిపోయాయి. భుజం ఆపరేషనయిన మా క్లబ్బు పెద్దాయన ‘నన్ను ఇంట్లో కూర్చోమంటారా?’ అని అడిగితే ఎవరూ బదులు చెప్పలేరు. కానీ ఆయనకు హక్కు ముందునుంచీ ఉంది. తగువంతా శుక్రవారం క్రాస్‌బో కొని శనివారం మంచె ఎక్కే ముప్పై ఏళ్లవాడి గురించి.

దక్షిణ కౌంటీల్లో జింకలు ఎక్కువయ్యాయి, 2002లో బయటపడ్డ క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే, చిక్కి శల్యం చేసి చంపే రోగం వాటిలో పాకుతోంది, ఎవరు ఎలా కొడితేనేం అంటారు క్రాస్‌బో పక్షంవాళ్లు. బలమైన వాదనే. నాకొక్కటే అభ్యంతరం. మంద తగ్గేది ఆడ జింకల్ని కొడితే. నవంబరు మొదట్లో మంచె ఎక్కేది ఎక్కువగా కొమ్ముల కోసం. అందుకే నా తీర్పు ఇది: పెద్దవాళ్లకూ వికలాంగులకూ సీజనంతా క్రాస్‌బో ఉండాలి. మిగతావాళ్లకు ఆ జతకట్టే రోజుల్లో ఆడ జింకల వరకే అనుమతి, తక్కిన రోజుల్లో అడ్డు లేదు. ఏడాది పొడుగునా నారి లాగి చేయి కుదుర్చుకున్నవాడికి ఆ కొద్ది రోజులు వదిలేస్తే రాష్ట్రానికి పోయేదేమీ లేదు.

విస్కాన్సిన్‌లో ఉంటున్న మనవాళ్లకు ఒక మాట. మీ పెరట్లో చిక్కుడు పాదు మేసేవీ, రాత్రి మీ కారుకు అడ్డం పడేవీ ఈ జింకలే. ఏటా ఏప్రిల్‌లో, రాష్ట్ర పౌరుల సలహా సంఘమైన కన్సర్వేషన్ కాంగ్రెస్ ప్రతి కౌంటీలోనూ సభ పెట్టి, వేట నియమాల మీద జనం అభిప్రాయం ఓట్ల రూపంలో తీసుకుంటుంది. వెళ్లండి. ఓటు వేయడానికి వేట లైసెన్సు అక్కర్లేదు.