వెనక్కి చదివినా దెయ్యమే

1000000000000066600000000000001.

ఒకటి, పదమూడు సున్నాలు, 666, మళ్ళీ పదమూడు సున్నాలు, ఒకటి. మొత్తం 31 అంకెలు. ఎటునుంచి చదివినా అదే, పైగా ప్రధాన సంఖ్య. 666 బైబిల్లో మృగం సంఖ్య, 13 పాశ్చాత్యులకి అపశకునం. అందుకని క్లిఫర్డ్ పికోవర్ దీనికి బెల్ఫెగార్ అనే దెయ్యం పేరు పెట్టాడు.

మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది, కాస్త చిరాకు కూడా. బంధకవిత్వం మీద నాకున్న చిరాకే అది. పారిజాతాపహరణంలో సత్యభామ అలకని ఎన్నిసార్లయినా చదువుతాను. అదే తిమ్మన చివరి ఆశ్వాసంలో గారడీకి దిగితే పేజీ తిప్పేస్తాను.

నా అభ్యంతరం ఇదీ: ఈ అందం సంఖ్యది కాదు, రాతది. ‘వికటకవి’ని తెలుగులో తిప్పి చదవండి, బాగానే ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి తిప్పండి, చెడిపోతుంది. ఈ సంఖ్యా అంతే. బైనరీలో రాస్తే 11తో మొదలై 01తో ముగుస్తుంది. దెయ్యం మాయం! ప్రధాన సంఖ్య కావడం మాత్రం ఏ రాతలోనూ పోదు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ అలవాటు కొద్దీ పైథాన్‌లో ఓ చిన్న లూప్ రాశాను. 666కి అటూ ఇటూ సున్నాలు పెంచుకుంటూ పోవడమే పని. సున్నాలు లేకుండా 16661, ప్రధాన సంఖ్యే. తర్వాత ఒకటి, రెండు, మూడు... (మూడు సున్నాల దగ్గర వచ్చే 10006660001ని భాగించేది, చూడండి, 13!) పన్నెండు దాకా అన్నీ విఫలం. పదమూడు దగ్గర మళ్ళీ తగిలింది.

అంటే 666ని మనిషి ఎంచుకున్నాడు. 13ని ఎవరూ ఎంచుకోలేదు, అదే వచ్చింది. నా చిరాకు కాస్త సడలింది అక్కడే. నియమం కవి పెట్టుకున్నదే అయినా, ఆ నియమం లోపలినుంచి కవి చేతిలో లేనిదేదో వచ్చి కూర్చుంటే దాన్ని గారడీ అని కొట్టిపారేయలేం. తిమ్మన పద్యాల్లో నేను ఆ చోటు కోసం ఎప్పుడైనా వెతికానా? లేదు, నిజం చెప్పాలంటే.

మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలో (మన పావులూరి మల్లన తెలుగు చేసింది దీన్నే) హారాల్లాంటి సంఖ్యలుంటాయి. 27994681ని 441తో గుణిస్తే 12345654321. ముచ్చటైన పేర్పు. కానీ అది గుచ్చిన దండ, దారం విప్పితే పూసలు విడిపోతాయి. బెల్ఫెగార్‌ని విప్పడానికి దారమే లేదు. నాకు ఇదే ఎక్కువ నచ్చింది, దెయ్యం కథ వల్ల మాత్రం కాదు.

అన్నట్టు, ఆ లూప్ ఆపకుండా వదిలేస్తే పదమూడు తర్వాత నలభై రెండు సున్నాల దగ్గర మళ్ళీ ఆగుతుంది. 89 అంకెలు. దానికి ఎవరూ కథ కట్టగా నేను చూడలేదు.