రేకు ఎవరి ఇంటికి వెళ్తుంది?

మన ఫోటోలు తీసినవాళ్లు చాలామంది. అవి మన గూడేలకు తిరిగొచ్చింది తక్కువ. అమెరికా ఆదివాసులదీ ఇదే కథ. ఎడ్వర్డ్ కర్టిస్ 1907 నుంచి 1930 దాకా వాళ్ల మీద 20 సంపుటాలు వేశాడు. పీగన్ తెగ గుడారంలో తీసిన ఒక ఫోటోలో మనుషుల మధ్య ఉన్న గడియారాన్ని అచ్చు వేసేటప్పుడు చెరిపించాడు. ఆదివాసీ ఇంట్లో గడియారం ఉండకూడదు కదా!

నవాహో తెగ ఫోటోగ్రాఫర్ విల్ విల్సన్ 2012లో శాంటా ఫేలో దీనికి జవాబు మొదలుపెట్టాడు. పెద్ద కెమెరా, కర్టిస్ నాటికే పాతబడిన పద్ధతి. లోహపు రేకు మీద కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి కడగాలి. కూర్చున్న మనిషి కొన్ని సెకన్లు కదలకూడదు. రేకు ఆ మనిషికే ఇస్తాడు. తను స్కాన్ కాపీని, వాడుకునే అనుమతిని తీసుకుంటాడు.

ఒక పేచీ ఉంది. కొలోడియన్ ఎరుపును సరిగా పట్టదు. గోధుమరంగు ఒళ్లు మరింత నల్లగా పడుతుంది. ఇవాళ్టి మనిషి నూరేళ్ల కిందటివాడిలా కనిపిస్తాడు. గడియారం చెరిపిన పనే ఇక్కడ రసాయనం చేస్తోంది.

కాబట్టి నిదానంగా తీయడమే గౌరవం కాదు. మన దక్షిణాదిలో తలలు, ముక్కులు కొలిచిన థర్‌స్టన్ కూడా జనాన్ని కదలకుండానే నిలబెట్టాడు. విల్సన్ పని విలువ రేకు చేతులు మారడంలో ఉంది. కెమెరాతో మన గూడేనికి వచ్చేవాళ్లను మనం అడగాల్సిందీ అదే.